సంతకాలున్న మూగ పుస్తకం

కరీమాబాద్, వరంగల్
జూన్ నెల

రమాకాంత్‌కు,

మహబూబ్ బీ దువాలు.

గుర్తుపట్టావా, లేక పెద్ద కుర్చీ ఎక్కాక కిందివాళ్ళు ఆనడం లేదా? నువ్వు ఎమ్మే చదివేటప్పుడు ముందరి గదిలో అద్దెకున్నావే, ఆ ఇంటి ముసలిదాన్ని. తొర్రూరు నుంచి ట్రంకుపెట్టె భుజాన వేసుకొని వచ్చి, "పెద్దమ్మా, నేను పైకి చదువుత, నీకు తక్లీఫైతదా?" అని అడిగావు. నేను బీడీలు చుట్టుకుంటూ, "చదువుకో కొడుకా, నా చెవులకేం పని" అన్నాను. ఆ మాట అన్న పాపానికి అర్థశాస్త్రమంతా నా చెవుల్లో పోశావు. ఆకు కత్తిరిస్తూ గిరాకీ, సరఫరా అన్నీ విన్నాను. నీకు పట్టా వచ్చింది, నాకు వేళ్ళకు కాయలు వచ్చాయి.

ఈ ఉత్తరం నా మనవరాలు షాహీన్ రాస్తోంది. నువ్వు ఇల్లు ఖాళీ చేసి పోయాక పుట్టింది. పుట్టుకతోనే చూపు లేదు. ల్యాప్‌టాప్ మీద వేళ్ళు ఆడిస్తే అక్షరాలు పడతాయి, పడినవాటిని అదే పైకి చదివి దీనికి వినిపిస్తుంది. నేను చెప్పినదాన్ని బడి తెలుగులోకి దిద్ది రాస్తోంది. "దాదీ, గట్ల రాస్తే బాగుండది" అంటోంది. సరే దిద్దుకో, తిట్ల జోలికి మాత్రం పోవద్దన్నాను. వాయిస్ మెసేజ్ పెడదామంది. వద్దన్నాను. గాలి మాటకు నువ్వు విననేలేదంటావు. రాసిన మాటకు రాసి జవాబు ఇవ్వాలి.

సంగతి విను. షాహీన్ మీ మంజీర దూరవిద్యా పీఠంలో ఎమ్మే అర్థశాస్త్రం చదువుతోంది. ఎందుకు చేరిందంటే, మీ ప్రకటనలో మీరే చెప్పారట: పుస్తకాలన్నీ డిజిటల్, చూపు లేనివారు ఎవరి సాయమూ లేకుండా చదువుకోవచ్చు అని. నమ్మి చేరింది. దాని ఫోన్లో ఒక ఆడగొంతు ఉంది. తెర మీద ఏ అక్షరం ఉన్నా పైకి చదువుతుంది. వార్తలు చదువుతుంది, కరెంటు బిల్లు చదువుతుంది. మీ పుస్తకం తెరిస్తే "పటం" అంటుంది. పేజీ తిప్పితే "పటం". ఇంకో పేజీ తిప్పితే మళ్ళీ "పటం". చివరి అట్ట దాకా అదే పాట. పుస్తకాన్ని అచ్చు వేసి, పేజీ పేజీకి ఫోటో తీసి పెట్టారట. ఇంత తెలివి మీకు ఏ బడిలో నేర్పారు?

ఎవరితోనైనా చదివించుకోరాదా అని అడుగుతావు. పక్కింటి వినోద సాయంత్రం వచ్చి చదువుతుంది, పొయ్యి మీద పప్పు ఉడికినంత సేపు. పట్టిక వస్తే, "గివన్నీ అంకెలు బిడ్డా, వదిలెయ్యి" అని దాటేస్తుంది. పరీక్షలో ఆమె దాటేసినవే అడుగుతారు. 'గ్రామీణ ఆర్థిక వ్యవస్థ' అనే పేపరు అట్లాగే పోయింది. మిగిలినవన్నీ ఎట్లాగో గట్టెక్కింది. ఈ డిసెంబరులో ఆఖరి అవకాశం. ఈసారి తప్పితే దాని పేరు కొట్టేస్తారట, మళ్ళీ మొదటి నుంచి చేరాలట.

అక్షరం నాకూ కనపడదు, దానికీ కనపడదు. నన్ను బడికి పంపలేదు కాబట్టి నాకు కనపడలేదు, ఆ లెక్క వేరు. దాన్ని రమ్మని పిలిచారు, ఫీజు కట్టించుకున్నారు, పుస్తకం నోరు కుట్టేసి చేతిలో పెట్టారు.

డిజిటల్ పుస్తకాల విభాగానికి పెద్ద నువ్వేనని వినోద ఫోన్లో చూసి చెప్పింది. నీ ఫోటో కూడా పెట్టుకున్నావట. షాహీన్ గొంతును దాని మీద పెడితే "పటం" అంది. మనిషివో గోడవో తెలియలేదు. ఆ ఒక్క పుస్తకం మాట్లాడేటట్టు చెయ్యి. నాకు జవాబు కావాలి.

మహబూబ్ బీ

*

మంజీర దూరవిద్యా పీఠం
డిజిటల్ ప్రచురణల విభాగం, హైదరాబాద్
జూలై నెల

గౌరవనీయులైన శ్రీమతి మహబూబ్ బీ గారికి,

నమస్కారములు. తమ లేఖ అందినది. తమ మనవరాలు కుమారి షాహీన్ ఉన్నత విద్య పట్ల చూపుతున్న పట్టుదల అభినందనీయము.

మా పీఠము ప్రచురించిన డిజిటల్ పాఠ్యగ్రంథములన్నియు దృష్టిలోపము గల విద్యార్థులకు అనుకూలముగా ఉన్నట్లు గుర్తింపు పొందిన ఏజెన్సీ పరిశీలించి ధ్రువీకరించియున్నది. కావున లోపము విద్యార్థిని వాడుచున్న పరికరములో ఉండవచ్చును. పరికరమును నవీకరించుకొనవలసినదిగా సూచించడమైనది.

అప్పటికీ సమస్య తీరనిచో మా వెబ్‌సైటులోని ఫిర్యాదుల విభాగమున నమోదు చేసినచో తగు చర్య తీసుకొనబడును.

ఇట్లు
ఎం. రమాకాంత్
ఉప సంచాలకులు

*

కరీమాబాద్, వరంగల్
జూలై నెల

ఉప సంచాలకులు రమాకాంత్ గారికి,

దువాలు ఇంకా ఉన్నాయి, తగ్గుతున్నాయి.

నీ ఉత్తరం వచ్చింది. షాహీన్ సంతోషపడి గొంతును దాని మీద పెట్టింది. "పటం" అంది. కాగితం మీద టైపు కొట్టించి, సంతకం పెట్టి, గుండ్రటి ముద్ర వేసి, దానికీ ఫోటో తీసి పంపావట. కళ్ళు లేని పిల్ల చదువు గురించి రాసిన ఉత్తరాన్ని కళ్ళున్న వినోద వచ్చి చదివితే గానీ తెలియలేదు. చదువుతూ చదువుతూ ఆమెకే నవ్వొచ్చింది. "అమ్మీ, గీ సారు మీ ఇంట్ల అన్నం తిన్నడా నిజంగ? 'తీసుకొనబడును' అంటాండు. ఎవరు తీసుకుంటరో చెప్పడేంది?" అంది.

నేనేం చెప్పను? మా ఇంట్లో ఉన్నప్పుడు నీకు జ్వరం వస్తే, "పెద్దమ్మా, జర చారు పెట్టు" అనేవాడివి. 'చారు పెట్టబడవలెను' అని ఏనాడూ అనలేదు.

పరికరం పాతదన్నావు. అదే పరికరం మీ పరీక్ష ఫీజు ఎంతో, ఆఖరి తేదీ ఎప్పుడో గడగడా చదువుతుంది. డబ్బు సంగతులన్నీ మాట్లాడే అక్షరాల్లో పెట్టారు, చదువును మాత్రం ఫోటో తీశారు.

ఫిర్యాదు పెట్టమన్నావు కదా, పెట్టబోయాం. అంతా నింపింది పిల్ల. ఆఖరున ఒక పెట్టె వచ్చింది. అందులో వంకరటింకర అక్షరాల బొమ్మ ఉంటుందట. దాన్ని చూసి ఆ అక్షరాలు కొడితేనే నువ్వు మనిషివని నమ్మి లోపలికి రానిస్తారట. చూడలేకపోతే మనిషి కాదన్నమాట. పుస్తకం కనపడటం లేదని చెప్పుకోవడానికి పోతే, ముందు బొమ్మ చూసి రమ్మన్నారు. ఈ తలుపు పెట్టినవాడెవడో ఒకసారి కరీమాబాద్ పంపించు. వాడు మనిషో కాదో నేను పరీక్ష పెడతాను.

షాహీన్ ఏడ్వలేదు. ల్యాప్‌టాప్ మూసి, "దాదీ, నేను మనిషిని కాదంట, జర చాయ్ పెట్టు" అంది. నవ్వుతూనే అంది.

ఈసారి ముద్ర వద్దు, సంతకం వద్దు. ఉత్త అక్షరాలు పంపు.

మహబూబ్ బీ

నమస్తే సార్, నేను షాహీన్‌ను. దాదీ చెప్పినవాటిలో నాలుగు మాటలు నేను తీసేశాను, క్షమించండి. పట్టికలు ఉన్న అధ్యాయాలైనా అక్షరాల రూపంలో దొరికితే చాలు సార్. మిగతావి ఎలాగైనా చూసుకుంటాను.

*

హైదరాబాద్
ఆగస్టు నెల

పెద్దమ్మా,

ఇది ఆఫీసు నుంచి కాదు, ఇంటి నుంచి రాస్తున్నాను. ఫోన్లోనే టైపు చేశాను, షాహీన్ ఫోన్లోని గొంతు చదువుతుందనుకుంటాను. మొదటి ఉత్తరం మా క్లర్కు తయారు చేసింది. నేను చదవకుండా సంతకం పెట్టాను. రోజూ ఇట్లాంటివి కట్టలు కట్టలు వస్తాయి.

నువ్వు అడిగావు కాబట్టి అసలు సంగతి చెప్తున్నాను. మా దగ్గర పద్ధతి ఇది. పాఠం కంప్యూటర్లో టైపు అవుతుంది. దాన్ని ప్రింటు తీస్తాం. సంపాదకులు ప్రతి పేజీ కిందా సంతకం చేస్తారు. ఒకప్పుడు తన పాఠంలో ఎవరో అంకెలు మార్చారని ఒక ప్రొఫెసర్ కోర్టుకు ఎక్కాడు. అప్పటి నుంచి సంతకం ఉన్న కాగితమే పుస్తకం. ఆ కాగితాలను స్కాన్ చేసి వెబ్‌సైటులో పెడతాం. టైపు చేసిన ఫైలు నా కంప్యూటర్లోనే ఉంటుంది. దాన్ని షాహీన్ గొంతు హాయిగా చదువుతుంది. కానీ దాని మీద సంతకం ఉండదు, కాబట్టి మా లెక్కలో అది పుస్తకం కాదు.

పుస్తకాలన్నీ చూపులేని విద్యార్థులు చదవగలిగేలా ఉండాలని నిబంధన వచ్చినప్పుడు ఒక ఏజెన్సీకి పని అప్పగించాం. ప్రతి బొమ్మకూ మాటల్లో వివరం ఉందా లేదా అనేది ఒక్కటే వాళ్ళ సాఫ్ట్‌వేర్ చూస్తుంది. మా పుస్తకంలో ప్రతి పేజీ బొమ్మే కదా. వాళ్ళు ప్రతి పేజీకీ 'పటం' అని వివరం రాశారు. సాఫ్ట్‌వేర్ సరేనంది. నేనూ సరేనని సంతకం పెట్టాను. తప్పని తెలియక కాదు. అడిగేవాళ్ళు లేరని పెట్టాను.

'గ్రామీణ ఆర్థిక వ్యవస్థ' టైపు ఫైలు దీనితో పంపుతున్నాను. పట్టికలు కూడా చదువుతుంది. కానీ ఇది బయటికి వెళ్తే నా ఉద్యోగానికే ముప్పు. ఎవరికీ పంపనని షాహీన్ నాకు మాట ఇవ్వాలి. తన ఒక్కదానికే.

ఇంకొక మాట. అక్టోబరులో మీ ఊళ్ళోనే, సుబేదారిలోని మా అధ్యయన కేంద్రంలో 'అందరికీ అందే పుస్తకం' అని కార్యక్రమం పెడుతున్నాం. ఉపకులపతి గారు వస్తారు. ట్యాబులో ఒక పుస్తకం సిద్ధం చేయించాం, చక్కగా చదువుతుంది. వేదిక మీద షాహీన్ దాన్ని తెరిచి వినిపిస్తే బాగుంటుంది. నువ్వూ రా. శాలువా కప్పుతాం.

నీ
రమాకాంత్

*

కరీమాబాద్, వరంగల్
సెప్టెంబరు నెల

రమాకాంత్‌కు,

దువాలు.

నీ పుస్తకం మాట్లాడింది. షాహీన్ చెవుల్లో తీగలు పీకేసి నాకూ వినపడేటట్టు పెట్టింది. కౌలు రైతుల గురించి, పత్తి ధర గురించి, అప్పు ఇచ్చే షావుకారు గురించి చెప్పుకుపోయింది. పట్టిక వచ్చినప్పుడు 'వరుస ఒకటి, నిలువు ఒకటి' అంటూ అంకె అంకె చదివింది. పిల్ల ఆపమని, వెనక్కి పొమ్మని, మళ్ళీ చదవమని దాన్ని సతాయించింది. దానికి విసుగే రాలేదు. పొయ్యి మీద పప్పు ఉన్నదని లేచి పోలేదు.

ఇప్పుడు నువ్వు విను. ఇన్నాళ్ళూ నీ కంప్యూటర్లో పుస్తకం బతికే ఉంది. దాన్ని చంపి, శవానికి పేజీ పేజీకి సంతకం పెట్టించి, ఫోటో తీసి, పిల్లలకు పంచారు. బతికున్నదాన్ని దాచారు, దానికి సంతకం లేదట. పెళ్ళికొడుకును ఇంట్లో పెట్టి తాళం వేసి, వాడి ఆధార్ కార్డును నిఖాకు పంపినట్టుంది మీ యవ్వారం. ఇంతమంది చదువుకున్నవాళ్ళు ఒకచోట చేరి ఇంత పని చేశారంటే, నన్ను బడికి పంపనందుకు మా నాయనకు దువా చేస్తున్నాను.

షాహీన్ నీకు మాట ఇస్తూ మెసేజ్ పెట్టింది కదా. ఎవరికీ పంపనంది. పంపి ఇట్లా పక్కకు తిరిగిందో లేదో దానికి ఫోన్ వచ్చింది. తొర్రూరు నుంచి కుమారస్వామి. మీ ఊరివాడే. పత్తి మిల్లులో పనిచేసేవాళ్ళ కొడుకు. వాడికీ చూపు లేదు, వాడిదీ అదే చదువు, అదే పేపరు మిగిలింది. "షాహీన్, పుస్తకం ఏమన్న దొరికిందా నీకు?" అని అడిగాడు. ఇది "లే కుమార్, చూస్తాన" అంది.

ఫోన్ పెట్టేసి నా మీద పడింది. "దాదీ, నేను అబద్ధం చెప్పిన. వానికి పంపిస్త."

"మాటిచ్చినవ్ కదనే?"

"ఇచ్చిన. గదే కదా నొప్పి."

"నీ పరీక్ష నువ్వు చూసుకో ముందు. ఊరందరి ఫికర్ నీకెందుకు?"

"నీకు నేనొక్కదాన్నే చదివితే చాలా?"

చాలనే అన్నాను. ఎందుకు అనను? దాని తల్లిదండ్రులు మిర్చి యార్డులో మూటలు కుట్టి దాన్ని చదివిస్తున్నారు. అది గట్టెక్కితే చాలని నాకు ఉండదా? అన్నం తినకుండా పడుకుంది. మాట మాత్రం తప్పలేదు, ఫైలు ఎవరికీ పంపలేదు. నువ్వు నిశ్చింతగా ఉండు.

సుబేదారికి వస్తాం. షాహీన్ రానంటే నేనే ఒప్పించాను. శాలువా ఏ రంగుదో నాకు పట్టింపు లేదు, ఫోటో మాత్రం ఎక్కువ తీయవద్దు. మీ ఫోటోల సంగతి చూశాను.

మహబూబ్ బీ

*

హైదరాబాద్
అక్టోబరు నెల

మహబూబ్ బీ గారికి,

మీరు నాకు ఇంత పని చేస్తారని కలలో కూడా అనుకోలేదు.

షాహీన్ ట్యాబులో పుస్తకం వినిపించింది. అందరూ చప్పట్లు కొట్టారు. అక్కడితో అయిపోయేది. పెద్దావిడ కదా, రెండు ముక్కలు చెప్తారని మైకు మీ చేతికి ఇప్పించింది నేనే. మీరేమన్నారో మీకు గుర్తుందో లేదో, నాకు ఒక్క అక్షరం కూడా మరపు రావడం లేదు.

"నాకు సదువు రాదు సారూ. మా రమాకాంత్ బంగారమసుంటోడు. మీరు పెట్టిన పుస్తకాలు ఎన్నటికి నోరు తెరువయి. మావోడు తన కంపూటర్ల ఉన్న అసలు పుస్తకం తీసి నా మనవరాలికి పంపిండు. మస్తు మంచిగ చదువుతాంది. అన్ని పుస్తకాలు గట్లనే ఉన్నయంట ఆయన కాడ. మీరు జర గట్టిగ జెప్పుండ్రి సారూ, అందరు పిల్లలకు పంపుతడు. మావోడు కాదనడు."

జనం మళ్ళీ చప్పట్లు కొట్టారు. ఉపకులపతి గారు నా వైపు తిరిగి, "ఉన్నాయా రమాకాంత్ గారూ, అన్నీ?" అని అడిగారు. పత్రికలవాళ్ళు ముందు వరుసలోనే ఉన్నారు. "ఉన్నాయి సార్" అన్నాను. ఇంకేమనగలను?

మర్నాడే మెమో ఇచ్చారు. అనుమతి లేకుండా ఫైలు బయటికి ఎలా వెళ్ళింది, చదవలేని పుస్తకాలు చదవవచ్చని ఎలా సంతకం పెట్టావు అని. విచారణ కమిటీ వేశారు. నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నవాళ్ళే ఇప్పుడు నా ఫోన్ ఎత్తడం లేదు.

ఒక్క దారి ఉంది. మీరు పెద్దవారు, చదువు లేనివారు. కంప్యూటర్ సంగతులు తెలియక పొరపాటున అలా అన్నానని, రమాకాంత్ ఏ ఫైలూ పంపలేదని ఒక కాగితం మీద వేలిముద్ర వేసి పంపితే కమిటీ నమ్ముతుంది. కాగితం తయారు చేసి పంపుతాను. షాహీన్ దగ్గర ఉన్న ఫైలు గురించి నేనేమీ అడగను.

మీ ఇంటి అన్నం తిన్నాను. ఆ అన్నం మీద అడుగుతున్నాను.

రమాకాంత్

*

కరీమాబాద్, వరంగల్
నవంబరు నెల

రమాకాంత్‌కు,

పొగిడితే ఇంత నొచ్చుకునే మనిషిని నిన్నే చూశాను. బంగారం అన్నాను, మావాడు అన్నాను, కాదనడు అన్నాను. ఇందులో తిట్టు ఏది? నీ గురించి నలుగురిలో ఒక మంచి మాట చెప్తే నీ ఉద్యోగం పోయేటట్టుందంటే, నువ్వు చేసే ఉద్యోగమే ఏదో తేడాగా ఉంది.

మాట తప్పానంటావేమో. మాట ఇచ్చింది షాహీన్. అది నిలుపుకుంది. కుమారస్వామికి అబద్ధం చెప్పి, తిండి మానేసి నిలుపుకుంది. నన్ను ఎవరూ అడగలేదు. నువ్వు ఫైలు పంపినప్పుడు, 'పెద్దమ్మా, నువ్వు కూడా ఎవరికీ చెప్పవద్దు' అని ఒక్క ముక్క రాయలేదు. చదువు రానిదానికి ఏం తెలుస్తుంది, తెలిసినా ఎవరికి చెప్తుంది అనుకున్నావు. ఆ చిన్నచూపే నీ కొంప ముంచింది, నేను కాదు.

తెలిసే అన్నాను. బస్సెక్కినప్పటి నుంచి ఏ మాట ముందు, ఏ మాట వెనక అనాలో కలుపుకుంటూ వచ్చాను. షాహీన్‌కు చెప్పలేదు. చెబితే ఆపేది. వేదిక దిగాక నా చెయ్యి గట్టిగా పట్టుకొని, "దాదీ, ఏం జేసినవే!" అంది. తిట్టిందో, మెచ్చుకుందో నాకు తెలియలేదు. ఆ రోజు మాత్రం కడుపునిండా తింది.

ఇక నీ కాగితం సంగతి. చదువు లేనిదాన్ని కాబట్టి అబద్ధం మీద వేలు పెట్టమంటున్నావు. నువ్వు చదువుకున్నవాడివి కాబట్టి అబద్ధం మీద సంతకం పెట్టావు. ఇద్దరికీ సమానం చేద్దామనా? నా వేలితో బీడీలు చుట్టాను, పిల్లలకు ముద్దలు పెట్టాను, ఓటు వేశాను. నీ కాగితానికి ఈ వేలు రాదు.

అన్నం మీద అడిగావు. అన్నం పెట్టినదాన్ని నేను, తిన్నవాడివి నువ్వు. దాన్ని అడ్డం పెట్టి ఏదైనా అడగాలంటే నేను అడగాలి. ఇప్పుడు అడుగుతున్నాను, విను. కమిటీ ముందుకు పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఫైలు ఎందుకు పంపావంటే, పిల్ల అడిగింది, పంపాను అని చెప్పు. నువ్వు చేసిన పనుల్లో తలెత్తుకొని చెప్పుకోదగ్గది అదొక్కటే ఉంది. దాన్నే లేదని రాసివ్వమని నన్ను బతిమాలుతున్నావు, సిగ్గు లేదా?

నాకు కబురు పెడితే నేనూ కమిటీకి వస్తాను. బస్సు నాకు కొత్త కాదు. మైకు కూడా అలవాటైంది.

పరీక్ష దగ్గరకొచ్చింది. కుమారస్వామి రోజూ ఫోన్ చేస్తున్నాడు.

మహబూబ్ బీ

*

హైదరాబాద్
నవంబరు నెల

పెద్దమ్మా,

కమిటీ ముందు చెప్పాను. ఫైలు నేనే పంపానని, పుస్తకాలు చదవలేనివని తెలిసే సంతకం పెట్టానని చెప్పాను. కాగితం చింపేశాను.

నా మీద కోపం తీర్చుకున్నారు. పదోన్నతి ఆపారు, పుస్తకాల గోదాముకు మార్చారు. అచ్చు పుస్తకాల కట్టలు, చెదపురుగులు, నేను. కానీ ఉపకులపతి గారు పత్రికల ముందు మాట ఇచ్చేశారు కాబట్టి వెనక్కి పోలేకపోయారు. గోదాముకు పోయే ముందు, ఉన్న టైపు ఫైళ్ళన్నీ వెబ్‌సైటులో పెట్టించి పొమ్మన్నారు. పెట్టించాను. మొదటి పేజీలో మాత్రమే సంతకం, మిగతా అంతా ఉత్త అక్షరాలు. బొమ్మలకు వివరాలు ఇంకా లేవు, అవి రాయడానికి మనుషులను పెట్టాలి. ఎప్పుడు పెడతారో తెలియదు. ఫిర్యాదుల పేజీలో ఆ పెట్టె కూడా అట్లాగే ఉంది. అది నా చేతిలో లేదు.

'గ్రామీణ ఆర్థిక వ్యవస్థ' అన్నిటికంటే ముందు పెట్టాను. షాహీన్ నాకు ఇచ్చిన మాట ఇక లేనట్టే. ఆ అబ్బాయికి చెప్పమను.

నువ్వు నన్ను నలుగురిలో నిలబెట్టావని ఇంకా కోపంగానే ఉంది. అబద్ధం ఎందుకు చెప్పాలి?

రమాకాంత్

*

కరీమాబాద్, వరంగల్
డిసెంబరు నెల

రమాకాంత్‌కు,

దువాలు, ఈసారి నిండుగా.

కోపం ఉండనివ్వు. కోపం లేని మనిషి పుస్తకాల గోదాములో చెదపురుగులకు కూడా భయపడతాడు. పదోన్నతి ఆపినందుకు నాకు బాధ లేదని చెబితే అబద్ధం అవుతుంది, ఉందని చెబితే నువ్వు మెత్తబడతావు. అందుకని ఏమీ చెప్పను.

పరీక్ష నిన్న అయింది. షాహీన్ చెబుతుంటే రాసిపెట్టడానికి ఇంటర్ చదివే ఒక పిల్లను ఇచ్చారు, సుకన్య అని. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. కుమారస్వామి తల్లి కూడా అక్కడే ఉంది. ఇద్దరం మీ పీఠాన్ని తిట్టుకుంటూ కూర్చుంటే పొద్దే తెలియలేదు. ఆమె నాకంటే బాగా తిడుతుంది, తొర్రూరు మనిషి కదా.

గంట కొట్టారు. షాహీన్ బయటికి వచ్చింది, మొహం ఎర్రగా ఉంది. ఈసారి కూడా పోయిందనుకున్నాను.

"ఏమాయెనే?"

"ఏమైతది! కాగితాలు అయిపోయినయి అన్నరు. ఇంకోటి తెచ్చేలోపల గంట కొట్టిండ్రు. నేను ఇంక కౌలు గురించి చెప్పనే లేదు. పత్తి పట్టిక మొత్తం నోటికుంది దాదీ, సగమే చెప్పిన!"

దాని వెనకే సుకన్య వచ్చింది. కుడి చేతిని ఎడమ చేత్తో పిసుక్కుంటోంది. నన్ను చూసి, "అమ్మమ్మా, ఈ అక్క ఆగనే ఆగది. నా చెయ్యి పడిపోయింది" అని ఏడుపు మొహం పెట్టింది.

ఆ పిల్లకు చాయ్ ఇప్పించాను. షాహీన్ మాత్రం ఇంటికి వచ్చేదాకా మీ పీఠాన్ని తిడుతూనే ఉంది, రాయడానికి కాగితాలు చాలినన్ని ఇవ్వలేదని.

మహబూబ్ బీ